చిన్న ఫాదర్ గారి మొదటి వంద రోజులు: కోనసీమ విచారణలో ఒక కేస్ స్టడీ

ఇది గోదావరి వైనతేయ పాయకు దగ్గరలో ఉన్న ఒక విచారణ (ఒక గురువు ఆధ్వర్యంలో ఉండే కథోలిక సంఘం, పారిష్). ఊరి పేరూ, మనుషుల వివరాలూ ఇవ్వడం లేదు. అక్కడ ఏం చేశారో, ఏ క్రమంలో చేశారో, ఎక్కడ బెడిసికొట్టిందో మాత్రం పూర్తిగా రాస్తున్నాం. గురుపట్టాభిషేకం (గురువుగా అభిషేకం) ముగించుకుని తొలి నియామకం మీద వచ్చే గురువును, అంటే ఫాదర్‌ను, ఎలా చేర్చుకోవాలన్నది డెల్టాలో చాలా విచారణలకు ఏటా ఎదురయ్యే పనే.

కేంద్ర గ్రామంలో దేవాలయం, బంగళా (గురువుల నివాసం), సిస్టర్ల మఠం, స్కూలు ఉన్నాయి. చుట్టూ ఆరు ఉపగ్రామాలు. వాటిలో రెండు లంకల్లో ఉన్నాయి. ఏటిలో నీరు తక్కువగా ఉన్నంతకాలం కాజ్‌వే మీద బండి పోతుంది, వరదొస్తే పడవే గతి. ముగ్గురు ఉపదేశులున్నారు (ఊళ్లలో బోధ, ప్రార్థనలు చూసుకునే గృహస్థులు). విచారణ గురువుకు అరవై దగ్గరపడుతోంది, మోకాళ్ల నొప్పులు. కొత్తగా వస్తున్న సహాయ గురువుది, అంటే చిన్న ఫాదర్ గారిది, మెట్ట ప్రాంతం, వయసు ఇరవై ఏడు. సెమినరీ చదువు బాగా సాగింది కానీ కాలువ గట్టు మీద బండి నడిపిన అలవాటు లేదు.

అంతకుముందు ఇక్కడికి వచ్చిన ఇద్దరు సహాయ గురువులు ఏడాది తిరక్కుండానే బదిలీ అడిగారు. 'ఈ కాలం కుర్ర ఫాదర్లకు ఓపిక లేదు' అని ఊళ్లో అనుకున్నారు. సంఘ పెద్దలతోనూ ఉపదేశులతోనూ విడివిడిగా మాట్లాడితే వేరే సంగతి బయటపడింది. ఇద్దరికీ స్వాగతం ఘనంగానే జరిగింది. మేళం, బాణసంచా, నిలువెత్తు దండలు, అన్నీ పెట్టారు. మర్నాటి నుంచి మాత్రం ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో, పూజ (మాస్) చెప్పించమని ఇచ్చే కానుకలు ఏ పుస్తకంలో రాయాలో, ఎవరికి ఏం మాట ఇవ్వొచ్చో చెప్పినవాళ్లు లేరు. దండ వేయడాన్నే స్వాగతం అనుకున్నారు. పని అప్పగించడమే అసలు స్వాగతమని మా గట్టి అభిప్రాయం. ఈసారి ప్రణాళిక అంతా దాని మీదే కట్టారు.

రావాల్సిన కాగితాలు

నియామక పత్రం బిషప్ హౌస్ నుంచి వచ్చిన రోజే విచారణ గురువు చూసుకోవాల్సింది రెండో కాగితం వచ్చిందా లేదా అని. పాపసంకీర్తనం (విశ్వాసులు గురువు దగ్గర తమ పాపాలు ఒప్పుకోవడం) వినడానికి అధికారం పట్టాభిషేకంతో దానంతటదే రాదు. స్థానిక పీఠాధికారి (బిషప్, లేదా ఆయన తరఫు అధికారి) ఇవ్వాలి (శ్రీసభ చట్టం, అంటే కథోలిక సంఘ నియమావళి, 966, 969 నియమాలు; ఇకపై బ్రాకెట్లలోని అంకెలు కూడా దీనివే). శాశ్వత అధికారమైతే రాతపూర్వకంగా ఉండాలి (973). విచారణ గురువు తనంతట తాను 'కూర్చోండి ఫాదర్, వినండి' అంటే చెల్లదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఏ గురువైనా పాపవిమోచనం ఇవ్వొచ్చు (976).

వివాహాల పద్ధతి వేరు. అక్కడ విచారణ గురువే అధికారం అప్పగించగలరు. ఒక్క పెళ్లికైతే ఆ పెళ్లిని ప్రత్యేకంగా పేర్కొని అప్పగించాలి, అన్ని పెళ్లిళ్లకూ అయితే కాగితం మీద ఉండాలి (1111). ఈ అప్పగింత లేకుండా జరిగిన పెళ్లి చెల్లుబాటే ప్రశ్నార్థకమవుతుంది. 'ఫాదర్ గారు వచ్చారుగా, పెళ్లి చెప్పేస్తారు' అని ఇంటివాళ్లు శుభలేఖలు అచ్చేయించాక ఈ లోపం బయటపడితే అందరికీ తలవంపులు.

ఈ విచారణలో నియామక పత్రం జూన్ మొదట్లోనే వచ్చింది. పాపసంకీర్తన అధికార పత్రం మాత్రం రాలేదు. పెద్దలు ఫోన్ చేయించి, అది చేతికందాకే స్వాగత ఆదివారం ఖాయం చేశారు. ఒక వారం ఆలస్యమైంది. స్వాగతం రోజునే పూజకు ముందు జనం పాపసంకీర్తనానికి వరుస కట్టడం ఇక్కడ రివాజు కాబట్టి ఆ వారం వృథా కాలేదు. కాలం కూడా కలిసొచ్చింది. డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు సైతం బంధువుల పట్టింపుల వల్ల ఆషాఢంలో పెళ్లిళ్లు పెట్టుకోవడం తక్కువ. శ్రావణం వచ్చేలోపు వివాహ కాగితాల పని నేర్చుకోవడానికి కొత్త గురువుకు వ్యవధి దొరికింది.

ఇంకో కాగితం చాలామందికి గుర్తుండదు. ఆయన గురువయ్యాడన్న సమాచారం ఆయన జ్ఞానస్నానం పొందిన విచారణకు వెళ్లి, అక్కడి రిజిస్టరులో ఆయన పేరు పక్కన నమోదు కావాలి (1054). ఇది వెళ్లిందా అని అడిగి రాబట్టారు.

గది, బండి

బంగళాలో సహాయ గురువు గది రెండేళ్లుగా సామాన్ల కొట్టుగా మారింది. క్రిస్మస్ పశువులపాక బొమ్మలు, పాత లౌడ్‌స్పీకర్లు, స్కూలు యూనిఫారాల కట్టలు అందులోనే పడున్నాయి. స్వాగతానికి పదిహేను రోజుల ముందు ఖాళీ చేయించి సున్నం కొట్టించారు. జూన్ చివర్లో వేస్తే గోడ ఆరదు, చెమ్మ వాసన రెండు నెలలు వదలదు. దోమల మెష్, ఇన్వర్టరు లైను, మంచినీళ్ల టిన్ను వేయించుకునే ఏర్పాటు, తలుపుకు లోపలి గడియ, తాళంచెవి ఆయన ఒక్కరి చేతికే. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. వెనకటి సహాయ గురువుల గదికి రెండో తాళంచెవి వంటమనిషి దగ్గర ఉండేది. తమ పెట్టె ఎవరైనా తీస్తారేమోనన్న జంకుతోనే వాళ్లు రోజులు గడిపారు.

బండి సంగతి ఎవరూ అడగలేదు. సెమినరీ నుంచి నేరుగా వచ్చేవాళ్లలో చాలామందికి డ్రైవింగ్ లైసెన్సు ఉండదు. ఈయనకూ లేదు. ఆరు ఉపగ్రామాలకు ఆయన తిరగాల్సింది బండి మీదే. ఎల్‌ఎల్‌ఆర్ తీయించి, శాశ్వత లైసెన్సు వచ్చేదాకా ఒక ఉపదేశి వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడు. దీని వల్ల ఎవరూ తలపెట్టని లాభం జరిగింది: ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఏ ఇంటికి ఏ ఇంటికి మాటల్లేవో దారి పొడవునా ఉపదేశి చెబుతూ వచ్చాడు. ఏ పుస్తకంలోనూ దొరకని విచారణ చరిత్ర అది. లైసెన్సు ఉన్నా సరే, మొదటి నెల ఉపదేశి బండి వెనకే వెళ్లడం మంచిదని ఇప్పుడు మేము అన్ని విచారణలకూ చెబుతున్నాం.

స్వాగత ఆదివారం

ఊరేగింపు మానలేదు, కుదించారు. రేవు దగ్గర నుంచి దేవాలయం దాకా ఇరవై నిమిషాలు, డప్పులు మాత్రమే, డీజే లేదు. అసలు పేచీ ఫ్లెక్సీల దగ్గర వచ్చింది. రెండు పేటల యువకులు పోటాపోటీగా ఫ్లెక్సీలు కట్టడం, వాటి మీద కొత్త గురువు బొమ్మ కన్నా తమ బొమ్మలు పెద్దగా వేసుకోవడం ఇదివరకు గొడవదాకా వెళ్లింది. విచారణ పేరిట ఒకే ఫ్లెక్సీ, దాని మీద మరెవరి ఫొటోలూ లేకుండా, ఖర్చు విచారణదే అని తీర్మానించారు. రెండు పేటల పెద్దల సంతకాలూ తీసుకున్నారు.

పూజలో విచారణ గురువు నియామక పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివారు. సహాయ గురువు చేసే పనులేమిటో, ఎవరికి జవాబుదారీయో అందరి ముందూ చెప్పారు. కొత్త గురువు అరచేతులు ముద్దాడటానికి జనం వస్తారని ముందే లెక్క వేసుకుని పూజ తర్వాత గుడి బయట, చెట్టు కింద నిలబెట్టారు. లోపలైతే నడవ మొత్తం ఆగిపోతుంది, ముసలివాళ్లు నలిగిపోతారు.

భోజనాలు అందరికీ ఒకే బంతిలో. రెండు పేటల వాళ్లూ కలిసి వండారు, కలిసి వడ్డించారు. ఇది ఏదో సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు కాదు. ఫలానా పేట ఫాదర్ అన్న ముద్ర మొదటి రోజే పడితే తర్వాత చెరిపేయడం ఎవరి తరమూ కాదు.

కవర్లలో వచ్చే డబ్బు గురించి పూజ చివర ప్రకటన చేశారు. కవరు మీద 'ఫాదర్ గారికి' అని రాసింది ఆయనదే. కానుకల పళ్లెంలో వేసింది విచారణది. పూజ చెప్పించమని ఇచ్చింది పూజల పుస్తకంలోకి వెళుతుంది. ఈ మూడూ ముందే విడమరిచి చెప్పకపోతే సాయంత్రానికల్లా మనస్పర్థలు మొదలవుతాయి.

తొలి పూజ గురించి కూడా ఒక స్పష్టత అవసరం. కొత్త గురువు సొంత ఊళ్లో, అమ్మమ్మ ఊళ్లో, నియామకమైన ఊళ్లో, అన్నిచోట్లా 'ప్రథమ పూజ' అనే కార్డు వేస్తున్నారు. ప్రజల సమక్షంలో నిర్ణీత దినాన జరిగే ప్రథమ బలిపూజకే శ్రీసభ సంపూర్ణ దండవిమోచన ఫలాన్ని (పాపాలకు పడే శిక్ష పూర్తిగా తీరే వరం) ఇచ్చింది, అందులో భక్తితో పాల్గొన్న విశ్వాసులకు కూడా. మిగతావి కృతజ్ఞతా పూజలు. ఇక్కడి కార్డు మీద అలాగే అచ్చేయించారు.

పూజ సంచి, మైకు

మొదటి రెండు వారాలు ఆయన ఒంటరిగా ఉపగ్రామానికి వెళ్లలేదు. విచారణ గురువుతో కలిసి పూజ చేశారు, లేదా ఉపదేశి పక్కనుండగా చేశారు. మూడో వారం నుంచి సంచి ఆయన భుజానికి ఎక్కింది.

సంచిలో ఉండేవి: పాత్ర, పళ్లెం, కార్పొరల్ (వాటి కింద పరిచే గుడ్డ), తుడుపు గుడ్డలు రెండు, స్టోలు (గురువు మెడలో వేసుకునే పట్టీలు), పఠన గ్రంథం, పూజ పుస్తకం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, నీళ్ల సీసా, మూడు తైలాల చిన్న డబ్బీలు. ద్రాక్షారసం ఒక పూజకు ముప్పై నలభై మిల్లీలీటర్లు చాలు, గాజు సీసాలో పోయాలి. ఉపగ్రామాల్లో సత్ప్రసాద మందసం (పూజలో మిగిలిన సత్ప్రసాదం భద్రపరిచే పెట్టె) లేదు కాబట్టి మిగిలిన అప్పాలు (సత్ప్రసాదంగా ఇచ్చే సన్నని రొట్టె బిళ్లలు) అక్కడే స్వీకరించేయాలి. అందుకే కానుకలకు ముందు ఉపదేశి తలలు లెక్కపెట్టి సంఖ్య చెబుతాడు, అన్నే తీస్తారు. వానాకాలంలో డెల్టా గాలికి అప్పాలు మెత్తబడి బూజు పడతాయి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, జులై నుంచి నవంబరు దాకా రెండు వారాలకోసారి కొత్తవి మార్చారు. బూజు పట్టిన అప్పం, పులిసిన ద్రాక్షారసం బలిపూజకు పనికిరావు (924 నియమం చెడిపోని ద్రాక్షారసమే కావాలంటుంది).

ఇక కాలర్ మైకు. పండగ పూజకు ముందు కొత్త గురువు అల్బు (పూజకు వేసుకునే తెల్లని పొడవాటి అంగీ) మీద కాలర్ మైకు తగిలించుకుని, అలాగే వెళ్లి వరండాలో పాపసంకీర్తనానికి కూర్చోబోయారు. మైకు ఆన్‌లోనే ఉంది, గుడి మీద హారన్లు రెండూ మోగుతున్నాయి. సాక్రిస్టీ (గుడిలో పూజ సామగ్రి ఉంచే గది) కుర్రాడు పరుగున వచ్చి ఆపాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి కట్టుబాటు ఒకటే: పాపసంకీర్తనానికి వెళ్లే ముందు మైకు పెట్టె విప్పి సాక్రిస్టీ కుర్రాడి చేతికి ఇవ్వాలి, స్విచ్చి ఆపితే చాలదు. ఉపగ్రామాల్లో కుర్చీ అందరికీ కనబడేచోట వేస్తారు, మాట మాత్రం ఎవరికీ వినబడనంత దూరంలో.

రిజిస్టర్లు

కొత్త గురువులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. సెమినరీలో నియమాలు చదువుతారు, రిజిస్టరు నింపిన అనుభవం ఉండదు. ఉపగ్రామ పండగలో పది పన్నెండు మంది పిల్లలకు ఒకేసారి జ్ఞానస్నానం ఇస్తారు. వివరాలు కాగితం ముక్క మీద రాసుకుంటారు, ఆ ముక్క అంగీ జేబులోనో బైబిలులోనో ఉండిపోతుంది. నెల తర్వాత రాసేటప్పుడు ఇంటిపేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఇక్కడ ముందే అచ్చేసిన చీటీ పెట్టారు: పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో సహా, తండ్రి పేరు, ఊరు, జ్ఞాన తల్లిదండ్రులు. జ్ఞానస్నానం ముందురోజు ఉపదేశి నింపి తెస్తాడు, అదే సాయంత్రం రిజిస్టరులోకి ఎక్కుతుంది.

జ్ఞాన తల్లిదండ్రులకు సాధారణంగా పదహారేళ్లు నిండాలి, వాళ్లు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన కథోలికులై ఉండాలి (874). డెల్టాలో మేనమామ లూథరన్ అయి ఉండటం మామూలే. కథోలిక జ్ఞాన తల్లి లేదా తండ్రి ఒకరుంటే ఆయన్ని సాక్షిగా రాయొచ్చు. 'పనికిరారు' అని చెప్పి పంపేయడం కన్నా 'మీరు సాక్షిగా ఉండండి మావయ్యా' అనడం మేలు. ఈ ఒక్క మాట చాలా ఇళ్లలో తగాదా తప్పించింది.

పెళ్లి దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. పాలకొల్లు, నరసాపురం వైపు సంబంధాల్లో వరుడు లూథరనో బాప్టిస్టో పెంతెకొస్తో అవుతాడు. జ్ఞానస్నానం నీటితో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జరిగిందా అని తేల్చుకోవాలి. జరిగితే మిశ్రమ వివాహం, పీఠాధికారి అనుమతి కావాలి. 'యేసు నామంలో' మాత్రమే ఇచ్చి ఉంటే ఆ జ్ఞానస్నానం చెల్లదు. అప్పుడు కావాల్సింది మతభేద అడ్డంకి నుంచి మినహాయింపు, ఇది వేరే దరఖాస్తు. 'క్రైస్తవుడే కదా' అని మొదటి దరఖాస్తే పంపితే బిషప్ హౌస్ నుంచి వెనక్కి వస్తుంది, పెళ్లి తేదీ నెత్తిన కూర్చుంటుంది. ఈ విచారణలో శ్రావణంలో వచ్చిన మొదటి రెండు పెళ్లిళ్లూ ఈ రకానివే. కొత్త గురువు వరుడి చర్చికి స్వయంగా వెళ్లి పాస్టరు గారిని అడిగి, జ్ఞానస్నాన విధానం రాయించుకుని తెచ్చారు. ఫోన్లో అడిగితే అయ్యే పని కాదు.

డబ్బు, మాట

ఆదివారం అవసరాన్ని బట్టి, పీఠాధికారి అనుమతితో, గురువు మూడు పూజలదాకా చేయొచ్చు (905). ఎన్ని చేసినా ఆ రోజుకు ఒక్క పూజ కానుకే తనకు ఉంచుకోవచ్చు, క్రిస్మస్ రోజు తప్ప (951). ఇది తెలిసినా లెక్క తప్పుతోంది, ఎందుకంటే జనం పూజలు ఫోన్లో చెప్పేస్తున్నారు. 'చిన్న ఫాదర్ గారూ, రేపు మా నాన్నగారి పేరున ఓ పూజండీ' అని రాత్రి పదింటికి వాట్సాప్, డబ్బు ఫోన్‌పేలో ఆయన సొంత నంబరుకు. అదే పూజ వాళ్ల అన్నయ్య పుస్తకంలో రాయించి ఉంటాడు. మర్నాడు రెండు పేర్లూ చదవలేదని అలక. పూజ అడిగేవాళ్లు సాక్రిస్టీలోని పుస్తకంలోనే రాయించాలని, ఫోన్లో వచ్చింది చెల్లదని వరుసగా మూడు ఆదివారాలు ప్రకటించారు. కొత్త గురువు తన నంబరుకు వచ్చిన డబ్బు ఆ రోజే విచారణ ఖాతాకు మార్చి, పుస్తకంలో రాసేవారు.

ఆరో వారంలో గాయక బృందం కుర్రాళ్లు కీబోర్డు అడిగారు. 'చూద్దాం, కొందాం' అన్నారాయన. వాళ్లకు అది మాట ఇచ్చినట్టే. విచారణ గురువు దగ్గర మాత్రం గుడి పైకప్పు మరమ్మతుకే డబ్బు చాలడం లేదు. ఆ వారమంతా ఊళ్లో పెద్ద ఫాదర్ పార్టీ, చిన్న ఫాదర్ పార్టీ అన్నట్టు తయారైంది. దాన్ని తీర్చింది సోమవారం ముచ్చట. ప్రతి సోమవారం టిఫిన్ తర్వాత గంటసేపు ఇద్దరు గురువులే, ఫోన్లు పక్కన పెట్టి, నాలుగు విషయాలు మాట్లాడుకునేవారు: వచ్చే వారం పూజలు, మంచాన ఉన్నవాళ్లు, డబ్బు, ఎవరెవరు ఏం అడిగారు. సహాయ గురువు తన పని గురించి విచారణ గురువుకు ఎప్పటికప్పుడు చెప్పాలని 548వ నియమం అంటుంది. సోమవారం గంట పెట్టాకే ఇక్కడ అది సాగింది. వంద రోజుల దాకా డబ్బు విషయంలో కొత్త గురువు ఇవ్వాల్సిన జవాబు ఒకటే అని అప్పుడే ఒప్పుకున్నారు: 'పెద్ద ఫాదర్ గారితో మాట్లాడి చెబుతానండి.' విచారణ గురువు కూడా ఆయన లేనిచోట ఆయన నిర్ణయాన్ని తిప్పకూడదని ఒప్పుకున్నారు. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం నిలవదు.

ప్రసంగం, వరద

మొదటి ప్రసంగాలు పాతిక నిమిషాలు నడిచాయి, సెమినరీ నోట్సు వాసనతో. 2024 జూన్‌లో పోప్ ఫ్రాన్సిస్ ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటొద్దని చెప్పిన మాట అందరూ విన్నారు, ఆచరణకే పద్ధతి కావాలి. ఈయన ఫోన్లో రికార్డు చేసి సిస్టర్లలో ఒకరికి వినిపించేవారు. ఆమె ఏ మాట ఊళ్లో వాళ్లకు తెలియదో గుర్తు పెట్టి ఇచ్చేది. పది వారాలకు పది నిమిషాల లోపుకు వచ్చింది.

ఆగస్టులో గోదావరి పెరిగింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు వేస్తారు. మొదటి హెచ్చరిక పడగానే లంకల్లో మంచాన ఉన్నవాళ్ల జాబితా తీసి, కాజ్‌వే మునగకముందే కొత్త గురువు వెళ్లి వాళ్లకు అభ్యంగనం (రోగులకు పవిత్ర తైలం పూయడం), సత్ప్రసాదం ఇచ్చి వచ్చారు. రెండో హెచ్చరిక తర్వాత ఒక లంకలో చావు జరిగింది. సమాధుల దొడ్డి నీట మునిగింది, శవాన్ని పడవలో ఇవతలి ఒడ్డుకు తెచ్చారు. ఆ ఇంటి అల్లుడి తరఫువాళ్లు లూథరన్లు, తమ పాస్టరు గారు కూడా ప్రార్థన చేయాలన్నారు. కర్మ మధ్యలో అయితే ఇబ్బంది, ఇంటి దగ్గర కర్మ మొదలయ్యేముందు అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. కొత్త గురువు ఆ క్రమం ముందే మాట్లాడి పెట్టుకున్నారు. ఇది ఆయన పుస్తకంలో చదివింది కాదు, రెండు నెలలు ఉపదేశి బండి వెనక కూర్చుని నేర్చుకున్నది.

తేలనివి

సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఒంటరితనం ఇంకా తీరలేదు. విచారణ గురువు త్వరగా పడుకుంటారు, కొత్త గురువు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఆయనకు తోడుగా తన విచారణ గురువు కాని మరో పెద్ద గురువును, డీనరీ (ఇరుగుపొరుగు విచారణల సముదాయం) పరిధిలోనే, నెలకోసారి కలిసేలా ఏర్పాటు చేశారు. 2016లో రోము ప్రచురించిన గురు శిక్షణ మార్గదర్శకాలు కూడా తొలి ఏళ్లలో ఇలాంటి తోడు ఉండాలనే చెబుతాయి. నెలకోసారి సరిపోవడం లేదు. పక్క విచారణలో ఉన్న ఇద్దరు యువ గురువులతో కలిసి గురువారం రాత్రి భోజనం మొదలుపెట్టారు, వరదల్లో అది ఆగిపోయింది.

ఇళ్ల సందర్శనలో ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి ఉపదేశి లేకుండా, పొద్దుగూకాక వెళ్లకూడదన్న కట్టుబాటు బాగానే నిలిచింది. లంక గ్రామాల పూజ వేళ మాత్రం తేలలేదు. ఆదివారం మూడో పూజకు అక్కడికి చేరేసరికి ఒంటిగంట అవుతోంది, పొలం పనులున్న రోజుల్లో జనం ఉండటం లేదు. శనివారం సాయంత్రం పూజ ఆదివారపు బాధ్యతను తీరుస్తుంది (1248), కానీ చీకటిపడ్డాక కాజ్‌వే దాటడం కొత్త గురువుకు ప్రమాదం, పూజయ్యాక అక్కడ పడుకోవడానికి గది లేదు. లంకల్లో ఒకదానిలో ఉపదేశి ఇంటి పక్కన రేకుల గది వేయడానికి స్థలం చూశారు. రెండో లంకవాళ్లు తమ ఊళ్లోనే వేయాలంటున్నారు. తపస్కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) లోపు తేల్చుకోవాలని విచారణ సంఘం గడువు పెట్టుకుంది.